మీ మాట చాలు

ఉతికిన దుప్పట్లు ఆరేస్తుంటే ఫోను మోగింది. నోట్లో రెండు క్లిప్పులు, భుజం మీద తడి దుప్పటి. అది కారి వీపంతా చల్లబడుతోంది. క్లిప్పులు తీసి జేబులో వేసుకుని, ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "చెప్పండక్కా" అన్నాను.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను మేడమ్. ఒక్క ముక్క చెప్పండి, పెట్టేస్తాను. మెషిన్ కొనమంటారా, వద్దంటారా?"

ఆవిడని మా ఆఫీసులో అందరూ రింగులక్క అంటారు. మా కంపెనీ నీళ్ళ పంపులు తయారుచేస్తుంది. పంపులో రెండు ఇనుప ముక్కలు కలిసే ప్రతిచోటా నీరు కారకుండా ఒక రబ్బరు రింగు బిగించాలి. చూడ్డానికి చేతి గాజంత ఉంటుంది. అది సరిగ్గా లేకపోతే అంత పెద్ద పంపూ ఎందుకూ కొరగాదు. ఆ రింగులు చేసి ఇచ్చేది ఈవిడ. వాటిని కొనే విభాగంలో పనిచేసేది నేను. సప్లయర్లతో మాట్లాడటం, సరుకు ఎప్పుడొస్తుందో కనుక్కోవడం, రాకపోతే బతిమాలడం, వచ్చింది బాగా లేకపోతే కోప్పడటం, బిల్లు ఆలస్యమైతే మళ్ళీ బతిమాలడం, అదీ నా ఉద్యోగం.

"ఏ మెషిన్ అక్కా?"

"మీకు తెలీదా? మీ మేనేజరుగారు ఫోన్ చేశారు. కొత్త మోడల్ పంపు వస్తోందట. దానికి పెద్ద రింగులు కావాలట. రబ్బరు అచ్చు వేసే నా పాత ప్రెస్సు మీద అవి రావు, కొత్తది కొనుక్కోమన్నారు. ఆర్డరు కాగితం ఏదండీ అంటే, 'వస్తుందమ్మా, ఇన్నేళ్ళ తర్వాత మన మధ్య కాగితాలేంటి' అన్నారు. ఇల్లు బ్యాంకులో పెడితే తప్ప ఆ మెషిన్ రాదు. ఆయన చెప్పాడని నేను కొనను. మీరు కొనమంటే కొంటాను. మీ మాట చాలు నాకు."

లోపలి నుంచి మా ఆయన కేకేశారు. "ఆదివారం కూడా ఆఫీసేనా? పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు." ఆయన కూర్చున్న కుర్చీకి పొయ్యి చెయ్యి చాపితే అందేంత దూరం. వాసన పట్టే ముక్కుకి, పొయ్యి ఆపే చేతికి మధ్య ఆయన శరీరంలో దారి లేదు. "రేపు కనుక్కుని చెప్తానక్కా" అని ఫోన్ పెట్టేసి, తడి దుప్పటి రెయిలింగు మీద పడేసి పరిగెత్తాను.

మాడిన గిన్నె తోముతూ ఆ మాట గురించే ఆలోచించాను. మీ మాట చాలు. ఆ మాట వినడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నేను ఆ డెస్కులోకి వచ్చిన కొత్తలో ఒకసారి ఆవిడ పంపిన రింగులన్నీ కొలత తప్పాయని మా స్టోర్సు వాళ్ళు తిప్పి పంపించేశారు. ఆవిడ ఆటోలో మూటలతో సహా గేటు ముందుకొచ్చి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. "మీ కొలతబద్ద ఒకసారి చూపించండి" అంది. ఎవరూ పట్టించుకోకపోతే నేనే స్టోర్సులోకి వెళ్ళి చూశాను. వాడి వాడి అరిగిపోయిన కొలతబద్ద మాదే. ఆ సంగతి మా వాళ్ళచేత ఒప్పించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది గానీ, ఆ రోజు నుంచీ ఆవిడ నా ఫోనుకి లేచి వర్క్‌షాపు తెరిచేది. అర్జెంటు అంటే సెలవు రోజున కూడా మనుషుల్ని పిలిపించి చేయించి పంపేది. ఆర్డరు కాగితం ఆ తర్వాత ఎప్పుడో వెళ్ళేది. ఒక్కసారి కూడా వెళ్ళకుండా ఉండలేదు, ఎందుకంటే దాని వెంటపడి సంతకాలు చేయించేది నేను. ఆవిడ నమ్మకమంతా అక్కడే ఉంది. కంపెనీ మీద కాదు, కంపెనీ లోపల ఒక ఆడమనిషి తన కాగితం కోసం బల్లల చుట్టూ తిరుగుతుందన్న దాని మీద.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు మా ఆయన రెండో సంగతి బయటపెట్టారు. మా అత్తగారి మోకాళ్ళ గురించి. డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు, ఒక కాలు అయ్యాక కొన్నాళ్ళు ఆగి రెండోది. మళ్ళీ మామూలుగా నడిచేసరికి ఏడాది పట్టొచ్చు.

"అందుకని నువ్వు ఓ ఏడాది ఉద్యోగం మానెయ్. ఆ తర్వాత మళ్ళీ చేరుదువుగానీ. అమ్మకి చెప్పేశాను, కోడలు ఇంట్లోనే ఉంటుందని. ధైర్యంగా ఉంది పాపం."

"నాకెప్పుడు చెప్పారు?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

"మనిషినెవరినైనా పెట్టుకుంటే..."

"బయటి మనిషిని అమ్మ దగ్గర ఎలా వదుల్తాం? ఎవర్ని నమ్ముతాం ఈ రోజుల్లో?" అని, మా అమ్మాయి పళ్ళెంలోకి కూర వడ్డిస్తూ, చాలా మెత్తగా అన్నారు. "ఏడాదే. నా మీద నమ్మకం లేదా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన ఉన్న ఊరికి రావడానికి మొదటి ఉద్యోగం మానేసినప్పుడు ఇదే అడిగారు. 'ఇక్కడ ఇంతకంటే మంచిది చూపిస్తాను, నా మీద నమ్మకం లేదా?' చూపించలేదు. నేనే వెతుక్కున్నాను, ఈ పంపుల కంపెనీలో. అమ్మాయి పుట్టినప్పుడు మళ్ళీ అడిగారు. 'ఆర్నెల్లు చాలు, తర్వాత అమ్మ చూసుకుంటుంది.' ఆర్నెల్లు నాలుగేళ్ళయ్యాయి. అత్తగారికి ఆరోగ్యం బాగోలేదు, అమ్మాయికి దగ్గు, ఇంటికి రంగులు, ఆడపడుచు కాన్పు. ప్రతిసారీ కారణం నిజమే. అదే చిక్కు. అబద్ధమైతే పోట్లాడొచ్చు. ఆయన మోసగాడు కాదు, మాట తప్పుతున్నానని ఆయనకెప్పుడూ అనిపించలేదు. మాట తప్పితే నష్టపడేది తను కానప్పుడు ఆ మాట గుర్తుండదు ఎవరికీ. నాలుగేళ్ళ తర్వాత అదే కంపెనీకి వెళ్ళి అడుక్కుని చేరేసరికి, నేను వెళ్ళేనాటికి ట్రైనీగా ఉన్న కుర్రాడు నాకు పైవాడయ్యాడు. కొటేషన్ ఎలా చదవాలో, రేటు కింద చిన్న అక్షరాల్లో ఏం దాస్తారో అతనికి నేర్పింది నేను. ఇప్పుడు అతనే మా మేనేజరు.

సోమవారం పొద్దున నేను బ్యాగు కింద పెట్టకముందే పిలిచాడు. ఇప్పటికీ మేడమ్ అనే అంటాడు. ఆ పిలుపులో గౌరవం ఎప్పుడో ఆవిరైపోయింది, అలవాటు మిగిలింది.

"మేడమ్, రింగులక్క ఇంకా మెషిన్ బుక్ చేయలేదట. ఒకసారి మాట్లాడండి."

"మనం ఆర్డరివ్వలేదు కదా సర్."

"ఇస్తాం. ఇవ్వకపోవచ్చు కూడా." తలుపు వేసి రమ్మని సైగ చేసి గొంతు తగ్గించాడు. "రింగులు చేసే ఒక పెద్ద కంపెనీతో మాట్లాడుతున్నాం. రేటు దిగడం లేదు వాళ్ళు. మాకు ఇక్కడే ఇంకో చోటుంది, మెషిన్ కూడా బిగించేశారు అని చూపిస్తే దిగొస్తారు."

"దిగొస్తే?"

"వాళ్ళకే ఇచ్చేస్తాం."

"మరి ఆవిడ మెషిన్?"

"ఇంకెవరికైనా ఇంకేమైనా చేసుకుంటుంది. వ్యాపారమన్నాక రిస్కు ఉంటుంది కదా మేడమ్."

"ఉన్నట్టు ఆవిడకి తెలీదు కదా సర్."

నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, తెలివైన పిల్లాడు లెక్క సరిగ్గా వచ్చినప్పుడు నవ్వే నవ్వు. "అందుకేగా మిమ్మల్ని మాట్లాడమంటోంది. నేను చెప్తే కాగితం అడుగుతోంది. మీరు చెప్తే అడగదు. రిలేషన్‌షిప్ అంటే అదే. మీరు ఈ కంపెనీకి పెద్ద ఆస్తి మేడమ్."

ఆస్తి అన్న మాట విని సంతోషించాలో ఏడవాలో తెలియక బయటికొచ్చాను. పోయినేడు సప్లయర్లందరినీ హోటలుకి పిలిచి సన్మానం చేశాం. నమ్మకమైన భాగస్వామి అని రాసి ఉన్న షీల్డు రింగులక్కకీ ఇచ్చాం. ఆ సాయంత్రం మా మేనేజరు మైకులో నమ్మకం గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, నా పక్కన కూర్చున్న అట్టపెట్టెల సప్లయరు "ఈసారి కూడా రేట్లు పెంచరన్నమాట" అని గొణిగితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. సీట్లో కూర్చుని, మేము ఏటా ఆవిడతో చేసుకునే అగ్రిమెంటు తీసి చాలా రోజుల తర్వాత మొదటి నుంచీ చదివాను. సరుకు ఆలస్యమైతే వాళ్ళు ఎంత కట్టాలో ఉంది. కొలత తప్పితే ఏం చేయాలో ఉంది. వాళ్ళ వల్ల మా పని ఆగితే ఎవరిది బాధ్యతో ఉంది. మా వంతు వచ్చేసరికి మాత్రం ప్రతి వాక్యంలోనూ 'వీలైనంతవరకు', 'కంపెనీ అవసరాన్ని బట్టి' అని. వాళ్ళ తప్పులకి కాగితం, మా మాటలకి నమ్మకం. ఇదంతా నేను టైపు చేయించిందే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇది ఎవరి వైపు ఒరిగి ఉందో చూడలేదు. చూసినా, ఆఫీసంటే ఇంతే అనుకుని ఉంటాను, ఇల్లంటే ఇంతే అనుకున్నట్టే.

ఆ రోజు ఫోన్ చేయలేదు. మర్నాడూ చేయలేదు. మేనేజరు రెండుసార్లు నా బల్ల దగ్గర ఆగి "మాట్లాడారా?" అని అడిగాడు. "ఫోన్లో కాదు సర్, వెళ్ళి మాట్లాడతాను" అన్నాను. మెచ్చుకుని కారు కూడా ఇప్పించాడు.

వర్క్‌షాపు ఒక ఇరుకు సందు చివర ఉంటుంది. రేకుల షెడ్డు, లోపలికి అడుగుపెట్టగానే కాలిన రబ్బరు వాసన గొంతులో దిగుతుంది. పాత ప్రెస్సు మూతపడుతూ తెరుచుకుంటూ ఆయాసపడుతోంది. ఒక మూల నలుగురు ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని, అచ్చులోంచి తీసిన రింగుల అంచులు చిన్న కత్తెర్లతో కత్తిరిస్తున్నారు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా మేమిచ్చిన షీల్డు పెట్టి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి రింగులక్క "బరువుంది మేడమ్, భలే ఆగుతుంది తలుపు" అంది నొచ్చుకోకుండా.

గుమ్మం పైన బోర్డు మీద పేరు ఆవిడ భర్తది. ఆయన లోపల పడక కుర్చీలో కూర్చుని క్రికెట్ వింటున్నాడు. లేచి నమస్కారం పెట్టి, "మెషిన్ గురించేనా? కొనేద్దాం అంటున్నాను నేను. ఈవిడే నానుస్తోంది" అన్నాడు.

"మీరు కొనేద్దాం అంటారు. బ్యాంకు చుట్టూ తిరిగేది, బిగించేది, నడిపేది, చెడిపోతే మెకానిక్కు కాళ్ళు పట్టుకునేది నేను" అంది ఆవిడ. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ రబ్బరు షీట్ల చుట్టల మధ్య రెండు స్టూళ్ళు, ఒక ఫ్యాను. టీ పోసి ఇచ్చింది.

"ఇంక చెప్పండి. కొనమంటారా?"

దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఎవరికీ ద్రోహం చేయకూడదని అనుకున్నాను. జీతమిచ్చే కంపెనీ రహస్యం బయటపెట్టడం నా వల్ల కాదు. ఈవిడకి అబద్ధం చెప్పడమూ కాదు. ఆ రెండిటి మధ్య నిజమనేది ఎంత సన్నటి సందో అప్పుడు తెలిసింది.

"చేతికి ఆర్డరు కాగితం రాకుండా కొనకండక్కా."

"అంటే ఆర్డరు రాదా?"

"అది నేను చెప్పకూడదు. చెప్పను. ఎంతకాలం, ఎన్ని రింగులు కొంటారో రాసిమ్మనండి. మధ్యలో మానేస్తే కొత్త అచ్చు చేయించిన ఖర్చు మేమే పెట్టుకునేట్టు రాసిమ్మనండి. రాసిచ్చాక కొనండి."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నేళ్ళు నేను మిమ్మల్ని కాగితం అడగలేదు."

"అడగలేదు."

"ఇప్పుడు మీరే అడగమంటున్నారు."

"రేపు నేనే ఆఫీసు నుంచి ఫోన్ చేసి కొనెయ్యండక్కా అన్నా కొనకండి."

ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు బాగా గుర్తుంది ఆ మొహం. ఎవరో తన ఇంట్లోంచి ఒక వస్తువు చెప్పకుండా తీసుకెళ్ళారని అప్పుడే తెలిసినట్టు చూసింది. "మిమ్మల్ని నమ్మొద్దా అయితే?"

"నన్ను నమ్మండి. నా నోటితో వాళ్ళు మాట్లాడితే నమ్మొద్దు."

బయట ప్రెస్సు రెండు మూడుసార్లు తెరుచుకుని మూసుకుంది. ఆవిడ తనలో తను నవ్వుకుని అంది. "మా అగ్రిమెంటు మీద సంతకం ఎవరిది మేడమ్?"

"మీ ఆయనది. మా వైపు మేనేజరుది."

"ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎన్నిసార్లు చూసుకున్నారు?"

ఆలోచించాను. సన్మానం రోజున ఒకసారి, అంతే. సంతకాలు వాళ్ళవి. వాటి కింద ఇన్నేళ్ళుగా సరుకు కదిలింది మాత్రం మా ఇద్దరి ఫోన్ల మీద. ఆవిడ పేరు కాగితంలో ఎక్కడా లేదు, నా పేరూ లేదు. నష్టం వస్తే ఇల్లు పోయేది ఆవిడకి. మాట పోతే తలెత్తుకోలేనిది నేను. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఎందుకో ఇద్దరికీ ఒకేసారి అలసట కమ్ముకొచ్చింది. ఆవిడ ఫ్యాను నా వైపు తిప్పింది. "కాసేపు కూర్చోండి. పోదురుగానీ" అంది. కూర్చున్నాను. ఎవరూ నన్నేమీ అడగని చోట అంతసేపు కూర్చుని ఎన్నాళ్ళయిందో.

వారం తిరక్కుండానే ఆవిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఎవరిచేతో రాయించినట్టుంది, పొదుపైన మాటలు. రెండేళ్ళపాటు ఇన్ని రింగులకి తగ్గకుండా కొంటామని హామీ ఇవ్వాలి. మధ్యలో మానేస్తే అచ్చు ఖర్చు కంపెనీ భరించాలి. ఇవి రాసిచ్చాకే మెషిన్.

మేనేజరు తలుపు కూడా వేయలేదు ఈసారి.

"ఎవరు నేర్పారు ఆవిడకి ఇవన్నీ? మొన్న మీరు వెళ్ళొచ్చాకే కదా!"

"నేనే అడగమన్నాను సర్."

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. "మీరు ఎవరి తరఫున పనిచేస్తున్నారు మేడమ్?"

"కంపెనీ తరఫునే. మన కోసం మెషిన్ కొని ఆవిడ మునిగిపోతే, పాత మోడల్‌కి రింగులు ఎవరిస్తారు సర్? ఇప్పుడు అమ్ముతున్న పంపులన్నీ ఆవిడ రింగుల మీదే నడుస్తున్నాయి. కాగితం లేకుండా ఎవరిచేతా ఖర్చు పెట్టించకూడదని మీకు మొదట్లో చెప్పింది నేనే."

"అప్పుడు నేను ట్రైనీని."

"అవును సర్. అప్పుడు విన్నారు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సిందేమో. అనేశాను. రెండు రోజుల్లో నా సీటు మారింది. సప్లయర్లతో మాట్లాడే పని ఇంకొకరికిచ్చి, నన్ను పాత బిల్లులు సరిచూసే గదిలోకి పంపారు. కిటికీ లేదు, ఫోను మోగదు. జీతం అంతే. కొలీగ్స్ కొందరు మొహం చాటేశారు, ఒకావిడ మాత్రం టీ పట్టుకొచ్చి "నాకు భలే నచ్చింది" అని చెవిలో చెప్పి వెళ్ళింది. పెద్దగా బాధ అనిపించలేదు. ఇతరుల మాటలు నా గొంతుతో చెప్పే పని తప్పిందంతే. ఇంటికొచ్చి మామూలుగా గిన్నెలు తోముకున్నాను.

ఆ తర్వాతి సంగతులు ముక్కలు ముక్కలుగా నా చెవిన పడ్డాయి. పెద్ద కంపెనీ రేటు దిగలేదు, పైగా ముందే డబ్బు కట్టి, మూడేళ్ళకి అగ్రిమెంటు రాస్తే తప్ప పని మొదలుపెట్టేది లేదంది. వాళ్ళని మాత్రం మా మేనేజరు 'మన మధ్య కాగితాలేంటి' అని అడగలేదట. ఇక్కడ కొత్త పంపు బయటికొచ్చే రోజు దగ్గరపడింది. చివరికి రింగులక్క అడిగిన దాంట్లో సగం ఇచ్చారు. రెండేళ్ళకి కాదు, ఒక ఏడాదికి. అచ్చు ఖర్చులో సగం. దాన్నే మా మేనేజరు మీటింగులో సప్లయర్లతో రాతపూర్వకమైన బంధం అని కొత్త విధానంగా చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడని విన్నాను. కొట్టించుకోనీ.

సంతకాల రోజు సాయంత్రం రింగులక్క ఫోన్ చేసింది. నేను బస్సులో ఉన్నాను.

"సగమే ఇచ్చారు మేడమ్. అయినా ఆ కాగితం చూపిస్తే ఇల్లు తాకట్టు లేకుండానే మెషిన్‌కి అప్పిస్తామన్నారు బ్యాంకువాళ్ళు. ఇంకో మాట. ఈసారి సంతకం నేనే పెట్టాను. మీ వాళ్ళు ప్రొప్రయిటరు గారేరి అన్నారు. నేనే అన్నాను. బోర్డు మార్చుకుని రా అన్నారు. మార్చుకునే వచ్చానన్నాను."

"మీ ఆయన ఏమన్నారు?"

"అన్నం తినలేదు ఒక పూట. ఆకలేసి తర్వాత తిన్నాడు." ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వెంటనే ఆవిడ గొంతు మారింది. "నా మీద కోపమొచ్చిందా అని చాలా రోజులు అనుకున్నాను. మీరు కాగితం అడగమన్న రోజు, మనిద్దరి మధ్యా ఏదో తెగిందనిపించింది. మీ సీటు ఎందుకు మార్చారో ఇవాళే తెలిసింది."

"తెగలేదక్కా."

"ఊఁ. తెగలేదు. వచ్చే ఆదివారం రండి. పని మీద కాదు."

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా ఆయన హాల్లో ఆసుపత్రి కాగితాలు ముందేసుకుని ఉన్నారు. ఆపరేషన్ తేదీ ఇచ్చారట. నేను చెప్పులు విప్పుతుండగానే అడిగారు. "రాజీనామా ఇచ్చేశావుగా?"

"లేదు."

"లేదా? ఇంకెప్పుడు ఇస్తావ్? సీటు కూడా మార్చారంటివి, ఇంకా ఏముందని అక్కడ?"

"ఉద్యోగం ఉంది."

ఆయన కాగితాలు పక్కన పెట్టారు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. "అమ్మకి మాటిచ్చాను."

"మీరిచ్చారు."

"అంటే?"

"నన్నడక్కుండా నా ఏడాదిని మీరు మాటిచ్చేశారు. అది నా మాట కాదు. మీ అమ్మగారికి మీరేమిస్తారో అది మీరు ఇవ్వండి."

"ఏడాది తర్వాత చేరుదువుగానీ అంటున్నానుగా! నా మీద నమ్మకం లేదా నీకు?"

ఎప్పుడూ ఈ ప్రశ్న దగ్గరే నేను తలొంచేదాన్ని. లేదనడానికి నోరు రాదు, ఉందంటే అయిపోయినట్టే. ఆ సాయంత్రం మాత్రం, అలసట వల్లో మరెందుకో, సమాధానం సులువుగా వచ్చేసింది. "ఉందండీ. అమ్మగారిని మీరు బాగా చూసుకుంటారని నాకు నమ్మకముంది."

పక్క గదిలోంచి అత్తగారు దగ్గారు. వింటున్నారని తెలుసు. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ మోకాలు చేత్తో రుద్దుకుంటూ, నా వైపు చూడకుండా "మీ గొడవకి నా మోకాళ్ళు కారణమైతే నేను అసలు ఆపరేషనే చేయించుకోను" అన్నారు.

"చేయించుకోవాల్సిందే అత్తయ్యా. పొద్దున నేను వెళ్ళేలోపు మీ స్నానం, బట్టలు నేను చూస్తాను. సాయంత్రం వచ్చాక నేనుంటాను. మధ్యలో మీకెవరు కావాలి? నిజం చెప్పండి, నేనే కావాలా?"

"ఎవరైనా ఒకటే. పిలిస్తే పలికేవాళ్ళు కావాలి. వాడు పలకడు. అందుకే నువ్వుంటావంటే సరేనన్నాను." తర్వాత గొంతు తగ్గించి, "వాడికి పలకడం నేర్పలేదు నేను. తప్పు నాదే అందులో" అన్నారు. ఇన్నేళ్ళలో మా అత్తగారు నాకు చెప్పిన మొదటి రహస్యం అది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. వాచి వేడిగా ఉంది. కాసేపు రుద్దాను.

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే నర్సింగు మనుషుల్ని పంపే ఆఫీసులో కనుక్కొచ్చారు, ఎవర్ని నమ్ముతాం అన్న ఆయనే. మనిషి దొరుకుతుంది గానీ మొదటి నెల ఇంటివాళ్ళెవరైనా పక్కనుండాలన్నారట. ఆ నెల గురించి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మాట పెగలని ఇంట్లో గడియారం చప్పుడు కూడా నన్నే అడుగుతున్నట్టుండేది. అయినా ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న పనుల్లో అన్నింటికన్నా కష్టమైంది అదే, ఊరుకోవడం.

ఆపరేషన్ దగ్గరపడ్డాక ఒక పొద్దున నేను బస్సు టైమవుతోందని హడావిడిగా తల దువ్వుకుంటుంటే, ఆయన బల్ల ముందు తెల్ల కాగితం పెట్టుకుని పెన్ను కొరుకుతూ కూర్చున్నారు. కొంతసేపు నా వైపు చూసి, చూపు తిప్పుకుని, ఎవరినో అడుగుతున్నట్టు అడిగారు.

"నెల రోజుల సెలవుకి లెటరు ఎలా మొదలుపెట్టాలి?"

బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఉన్న మాటే చెప్పాను.

"నాకు తెలీదండీ. సెలవు కోసం నేనెప్పుడూ రాయలేదు. నేను రాసినవన్నీ రాజీనామాలే."